సున్నాతో భాగిస్తే ఏమవుతుంది?

(కాణిపాకంలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మాస్టారూ, ఈసారి మీరు ఒక అరగంట మాట్లాడాలి. పింఛను గురించి, డి.ఎ. బకాయిల గురించి మాత్రం వద్దు, వాటి సంగతి మిగతావారు చూసుకుంటారు" అని మన కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ముప్పయి మూడేళ్ళు లెక్కల అయ్యవారుగా పనిచేసిన వాడిని. నాకు తెలిసింది లెక్కలే. అందుకని ఈ రోజు సున్నాను గురించి మాట్లాడదలచుకున్నాను. బకాయిల గురించి కాదన్నారు గనుక, ఇక మిగిలింది సున్నాయే కదా!

నవ్వులాటకు అన్నాను గాని, ఈ విషయం ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. ఇది నా వృత్తి జీవితంలో నేను చేసిన ఒక తప్పుకు సంబంధించినది. సత్యప్రమాణాలకు పేరుపడ్డ కాణిపాకంలో నిలబడి చెప్పుకుంటే మనసు కొంత తేలికవుతుందని ఆశ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెటూరి హైస్కూల్లో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. "ఏ సంఖ్యనైనా సున్నాతో భాగించరాదు" అని బోర్డు మీద రాసి కింద గీత గీశాను. వెనుక వరుసలో ఒక పిల్లవాడు లేచాడు. రైతు బిడ్డ, వాళ్ళకు చెరకు తోట, బెల్లం గానుగ ఉండేవి. "సార్, నా దగ్గర పది బెల్లం ఉండలు ఉండాయి. పంచుకొనేదానికి ఎవురూ రాలేదు. అప్పుడు పదీ అట్లే ఉంటాయి గదా సార్? మరి పదిని సున్నాతో భాగిస్తే పదే గదా?" అన్నాడు.

తరగతి గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. "పుస్తకంలో ఉన్నది రాసుకోరా, నీ బెల్లం తెలివి ఇక్కడ చూపించకు" అని పీరియడు అయ్యేదాకా బెంచీ మీద నిలబెట్టాను. ఆ తరువాత ఆ ఏడాదంతా వాడు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అల్లరి తగ్గిందని నేను సంతోషించాను కూడా.

నిజం చెప్పాలంటే, భాగించరాదని నాకు తెలుసు గాని, ఎందుకు భాగించరాదో ఆ రోజు నేనూ సరిగా చెప్పలేను. మా అయ్యవారు మాకు చెప్పారు, నేను వాళ్ళకు చెప్పాను. తెలియని చోట కోపం వస్తుందని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ రోజు నేను చెప్పవలసిన జవాబు ఇప్పుడు చెబుతాను. భాగహారానికి ఒక ప్రమాణం ఉంది. ఇక్కడి సంప్రదాయం మీకు తెలిసిందే. తగవు పడిన ఇరుపక్షాల వారు కోనేటిలో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుని ఎదుట ప్రమాణం చేస్తారు. అలాగే ప్రతి భాగఫలమూ గుణకారం ఎదుట నిలబడి ప్రమాణం చేయాలి. 12ను 3తో భాగిస్తే 4 అన్నామంటే, 4ను 3తో గుణిస్తే మళ్ళీ 12 రావాలి. వచ్చింది, ప్రమాణం నిలిచింది.

ఇప్పుడు 10ని సున్నాతో భాగించి ఏ జవాబైనా చెప్పండి. దాన్ని తిరిగి సున్నాతో గుణిస్తే 10 రావాలి. కాని దేన్ని సున్నాతో గుణించినా సున్నాయే వస్తుంది. అంటే ప్రమాణానికి నిలిచే జవాబు ఒక్కటీ లేదు. మరి సున్నాను సున్నాతో భాగిస్తే? 5 అనండి, 5ను సున్నాతో గుణిస్తే సున్నా, సరిపోయింది. 7 అనండి, అదీ సరిపోయింది. ఇక్కడ ప్రతి జవాబూ ప్రమాణానికి నిలుస్తుంది. ఒక చోట సాక్షి దొరకడు, మరొక చోట ఊరందరూ సాక్షులే. రెండు చోట్లా తీర్పు చెప్పలేము. అందుకే భాగించరాదన్నారు. ఎవరో పెద్ద మనిషి పెట్టిన నిషేధం కాదిది.

ఈ నాలుగు మాటలు చెప్పడానికి పది నిమిషాలు చాలు. బెంచీ ఎక్కించడానికి అంతకంటె ఎక్కువ సమయమే తీసుకున్నాను.

పదవీ విరమణ చేసిన తరువాత కాలక్షేపానికి పాత గణిత గ్రంథాలు చదవడం మొదలుపెట్టాను. అప్పుడు నా కళ్ళు తెరుచుకున్నాయి. సున్నాతో లెక్కలు ఎలా చేయాలో సూత్రాలుగా రాసిన తొలి గ్రంథాలలో ప్రసిద్ధమైనది బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రచించిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతం. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నాయే అన్నాడాయన. మన ప్రమాణం ప్రకారం అదీ ఒక జవాబే గాని, అదొక్కటే జవాబు కాదు. ఇతర సంఖ్యలను సున్నాతో భాగించినప్పుడు మాత్రం, హారంలో సున్నా ఉన్న రాశి అని పేరు పెట్టి వదిలేశాడు.

ఆయన తరువాత రెండు శతాబ్దాలకు, సుమారు 850 ప్రాంతంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుని కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. దీనిని 1912లో మద్రాసులో ప్రొఫెసర్ ఎం. రంగాచార్యులు ఆంగ్లానువాదంతో ప్రచురించారు. ఆ పుస్తకం తిరగేస్తుంటే ఒక చోట చెయ్యి ఆగిపోయింది. సంఖ్యను సున్నాతో గుణిస్తే సున్నా అవుతుందట. సున్నాతో భాగిస్తే మాత్రం ఆ సంఖ్య మారకుండా అలాగే ఉంటుందట! నేను బెంచీ ఎక్కించిన పిల్లవాడు చెప్పింది అక్షరాలా ఇదే. పంచుకోవడానికి ఎవరూ రాకపోతే ఉన్నది ఉన్నట్లే ఉంటుంది.

ఆ గ్రంథం మనకు పరాయిది కాదు. తెలుగులో తొలి గణిత గ్రంథమని పేరుపొందిన సారసంగ్రహ గణితము దానికి అనువాదమే. రచించినవాడు పావులూరి మల్లన. ఆయన రాజరాజ నరేంద్రుని కాలంవాడనీ, ఆ రాజు నుండి పిఠాపురం దగ్గరి నవఖండవాడను పొందాడనీ సాహిత్య చరిత్రలు చెబుతాయి. నన్నయ భారతాన్ని తెనిగించిన ఆ కాలంలోనే లెక్కలు కూడా పద్యాలలో తెలుగులోకి వచ్చాయన్న మాట. ఇంకొక విశేషం చూడండి. ఆ రాజరాజ నరేంద్రుని కుమారుడే కులోత్తుంగ చోళుడు. ఈ కాణిపాక దేవాలయాన్ని కట్టించింది ఆయనే అని స్థల చరిత్ర చెబుతుంది. తండ్రి కాలంలో తెలుగు గణితం, కొడుకు కాలంలో ఈ గుడి. కనుక ఈ ప్రసంగం ఈ ఊళ్ళో చేయడం అసందర్భం కాదని సభవారు అంగీకరించాలి.

మహావీరుడు చెప్పింది తప్పే. 10ని సున్నాతో భాగిస్తే 10 అయితే, 10ని సున్నాతో గుణించినప్పుడు 10 రావాలి. సున్నాతో గుణిస్తే సున్నా అని ఆయనే అన్నాడు కదా. ప్రమాణం నిలవలేదు. కాని అది ఆలోచించి చేసిన తప్పు. భాగించడమంటే పంచడం అనే అర్థాన్ని చివరిదాకా పట్టుకుని వెళితే అక్కడికే చేరతాం. మా పిల్లవాడూ అలాగే చేరాడు. ఒక మహా గణితవేత్త నడిచిన దారిలో ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు ఎవరి సాయమూ లేకుండా నడిచి వస్తే, నేను వాడిని చూసి నవ్వాను.

తరువాతి అడుగు భాస్కరాచార్యునిది. సున్నా హారంగా గల రాశికి ఖహరమని పేరు. 1150 ప్రాంతంలో బీజగణితంలో ఆయన దానిని అనంత రాశి అన్నాడు. దానికి ఎంత కలిపినా, ఎంత తీసినా మార్పు ఉండదనీ, సృష్టి ప్రళయ కాలాలలో ఎన్ని జీవులు వచ్చి చేరినా, వెలువడినా అచ్యుతునిలో మార్పు లేనట్లేననీ పోలిక చెప్పాడు. పోలిక ఎంతో అందంగా ఉంది. 10ని 0.1తో భాగిస్తే 100, 0.01తో భాగిస్తే 1000, 0.001తో భాగిస్తే 10,000. హారం సన్నబడేకొద్దీ ఫలం పెరుగుతూనే పోతుంది గనుక అనంతం అనడంలో తర్కం ఉంది. అయినా ప్రమాణం మాటేమిటి? 1ని భాగించినా అనంతమే, 2ను భాగించినా అనంతమే అయితే, ఆ అనంతాన్ని సున్నాతో గుణించినప్పుడు 1 రావాలా, 2 రావాలా? పైగా హారాన్ని రుణ సంఖ్యల వైపు నుండి సున్నాకు తెస్తే ఫలం రుణ అనంతం వైపు పరుగెడుతుంది.

అదే భాస్కరుడు లీలావతిలో ఒక చమత్కారమైన లెక్క ఇచ్చాడు. ఒక సంఖ్యను సున్నాతో గుణించి, వచ్చినదానికి దాని సగాన్ని కలిపి, మూడుతో గుణించి, సున్నాతో భాగిస్తే 63 వచ్చింది, ఆ సంఖ్య ఏది? జవాబు 14 అంటాడు. ఇదేమి చోద్యమని మొదట అనిపించింది. సున్నా బదులు వెయ్యింట ఒక వంతు పెట్టి చేసి చూశాను, 14 వచ్చింది. లక్షింట ఒక వంతు పెట్టినా 14 వచ్చింది. సున్నాతో గుణించినా, మళ్ళీ సున్నాతో భాగించే పని మిగిలి ఉన్నంతవరకు దానిని వెంటనే చెరిపేయరాదు అన్నది ఆయన నియమం. పూర్తి సున్నా కాకుండా, సున్నాకు అతి దగ్గరగా ఉన్న చిన్న రాశితో లెక్క చేస్తున్నట్లుగా ఉంది ఇది. కాలేజీలో మనం చదువుకున్న అవధి, అవకలనం ఆ దారిలోనివే.

ఆర్టీసీలో పనిచేసిన మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు గనుక ఒక ఉదాహరణ. చిత్తూరు నుంచి మనం వచ్చిన బస్సులో డ్రైవరు ముందు వేగం చూపే ముల్లు ఉంటుంది. ఈ క్షణంలో బస్సు వేగమెంత? క్షణమంటే గడిచిన కాలం సున్నా, నడిచిన దూరమూ సున్నా. సున్నాను సున్నాతో భాగించమని ఆ ముల్లు అడుగుతున్నది! కదలడం మొదలుపెట్టిన బండి 3 సెకన్లలో 9 మీటర్లు, 3.1 సెకన్లలో 9.61 మీటర్లు నడిచిందనుకుందాం. మధ్యనున్న 0.1 సెకనులో 0.61 మీటరు, అంటే సెకనుకు 6.1 మీటర్లు. 3.01 సెకన్లకు 9.0601 మీటర్లయితే సెకనుకు 6.01. ఇలా దగ్గర పడేకొద్దీ వేగం 6కు చేరుతుంది. సున్నా బై సున్నాకు ప్రతి సంఖ్యా జవాబే అనుకున్నాం కదా. ఏ దారిన ఆ సున్నాకు చేరామో చెబితే, అన్ని జవాబులలో నుండి ఒక్కటి నిలుస్తుంది.

రామానుజన్ కుంభకోణంలో బడిలో ఉన్నప్పుడు ఆయన అయ్యవారు, ఏ సంఖ్యనైనా అదే సంఖ్యతో భాగిస్తే ఒకటి వస్తుందని చెబితే, సున్నాను సున్నాతో భాగించినా ఒకటేనా అని అడిగాడని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. ఆ పిల్లవాడే పెద్దవాడై, మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉంటూ, 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరాలు రాశాడు. 1, 2, 3, 4 ఇలా అంతం లేకుండా కూడితే, తన సిద్ధాంతం ప్రకారం రుణ పన్నెండో వంతు వస్తుందన్నాడు. ఇది చెబితే నన్ను పిచ్చాసుపత్రికి పొమ్మంటారని ఆయనే ఆ ఉత్తరంలో అనుకున్నాడు. హార్డీ ఆ ఉత్తరాలను బుట్టదాఖలు చేయలేదు. ఇందులో ఏదో ఉందని గ్రహించాడు. నేనైతే ఏం చేసి ఉండేవాడినో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

అంతం తేలని ఇలాంటి మొత్తాలకు క్రమపద్ధతిలో విలువ కట్టడం తరువాత పెద్ద శాస్త్రమైంది. అందులో మన తెలుగువాని పాత్ర ఉంది. మచిలీపట్నంలో 1920లో పుట్టి, బాపట్లలో హైస్కూలు చదివిన కొమరవోలు చంద్రశేఖరన్, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన మీనాక్షిసుందరం కలిసి ఈ విషయం మీదనే 1952లో టిపికల్ మీన్స్ అనే గ్రంథం వెలువరించారు. చంద్రశేఖరన్ గారు బొంబాయి టాటా సంస్థలో గణిత విభాగాన్ని పెంచి, 1965లో జ్యూరిచ్ వెళ్ళి, 1971 నుండి 1974 వరకు అంతర్జాతీయ గణిత సమాఖ్యకు అధ్యక్షులుగా ఉండి, 2017లో కీర్తిశేషులయ్యారు.

ఆ శాస్త్రంలో మొదటి మెట్టు మనకూ అందుతుంది. 1 నుండి 1 తీసి, మళ్ళీ 1 కలిపి, మళ్ళీ 1 తీసి, ఇలా చేస్తూ పోతే మొత్తమెంత? ప్రతి అడుగులో చేతిలో ఉన్నది 1, 0, 1, 0 అని మారుతూనే ఉంటుంది, ఎక్కడా నిలవదు. కాని ఆ అడుగుల సగటు తీస్తూ పోండి, అది అరకు చేరుతుంది. కనుక విలువ అర అని పెట్టారు. నోటికొచ్చింది పెట్టారనుకోకండి. ఇక్కడా ఒక ప్రమాణం ఉంది. మామూలు పద్ధతిలో మొత్తం తేలే శ్రేఢులకు ఈ కొత్త పద్ధతిలోనూ పాత విలువే రావాలి. వస్తుందని నిరూపించారు. అయితే ఖరీదు కూడా చెల్లించారు. అంకెలను మన ఇష్టం వచ్చినట్లు జతలు కట్టరాదు. జతలు కడితే ఒక రకంగా సున్నా, ఇంకొక రకంగా 1 వస్తుంది. రామానుజన్ చెప్పిన మొత్తం ఈ సగటుకు లొంగదు, దానికి వేరే పద్ధతి కావాలి, వేరే ఖరీదు కట్టాలి.

అయ్యలారా, అమ్మలారా, నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. గణితంలో వింత ఆలోచనకు తలుపులు మూసి ఉండవు. లోపలికి వచ్చే ముందు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పాత లెక్కలను చెడగొట్టకుండా ఉంటావా? చెడగొడితే, ఏ నియమాన్ని వదులుకుంటున్నావో ముందే చెబుతావా? మనలో ఆడిటులో పనిచేసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు.

సున్నాతో భాగహారాన్ని ఈనాటికీ వదలనివారు ఉన్నారు. స్వీడన్‌లో యెస్పర్ కార్ల్‌స్ట్రోమ్ 2004లో చక్రాలు అనే వ్యవస్థను వివరించాడు. అందులో దేన్ని దేనితోనైనా భాగించవచ్చు గాని, ఏ సంఖ్యలో నుండైనా అదే సంఖ్య తీస్తే సున్నా అనే నియమం అన్నిచోట్లా నిలవదు. జపాన్‌లో సబురో సైతో దేన్ని సున్నాతో భాగించినా సున్నాయే అని వాదిస్తూ వచ్చారు. గణిత నిరూపణలను సరిచూసే లీన్ అనే కంప్యూటరు వ్యవస్థలోనూ సౌకర్యం కోసం అలాగే పెట్టుకున్నారు. కాని అక్కడ, భాగించి తిరిగి గుణిస్తే మొదటి సంఖ్య వస్తుందని వాడుకోవాలంటే హారం సున్నా కాదని ముందుగా చూపించాలి. అంటే జవాబు ఇచ్చారు గాని, ప్రమాణం చేయించరు. ఖరీదు అదే.

ఇది పండితుల కాలక్షేపం మాత్రమే కాదు. 1985 నుండి దశాంశాలతో చేసే కంప్యూటరు లెక్కలకు ఒక ప్రామాణిక పద్ధతి ఉంది. అందులో 1ని సున్నాతో భాగిస్తే అనంతం అనీ, సున్నాను సున్నాతో భాగిస్తే ఇది సంఖ్య కాదనీ యంత్రం జవాబిస్తుంది. సాక్షి లేని చోటుకు, ఊరంతా సాక్షులైన చోటుకు వేర్వేరు పేర్లు పెట్టారన్న మాట. భాస్కరుని ఖహరం వంటిదొకటి ఈ రోజు మన మనవళ్ళ ల్యాప్‌టాప్‌లో ఉంది. ముందు జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో కూడా లోకం చూసింది. 1997 సెప్టెంబరులో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్‌లో ఒక ఉద్యోగి కంప్యూటరులో ఒక గడిలో సున్నా వేశాడు. యంత్రం దానితో భాగించబోయింది. ఆ పొరపాటు ఓడలోని కంప్యూటర్లన్నింటికీ పాకి, ఓడ నడిసముద్రంలో రెండు గంటలకు పైగా కదలక నిలిచిపోయింది. ఒక్క సున్నా!

ఇక నా తప్పు దగ్గరకు వస్తాను. కిందటి సంవత్సరం చిత్తూరు బెల్లం మండీ దగ్గర ఒకాయన ఎదురై కాళ్ళకు నమస్కారం చేశాడు. తల నెరిసింది, గుర్తుపట్టలేదు. "సార్, నేను బెంచీ ఎక్కినోణ్ణి" అన్నాడు. అంతే, గుర్తుకొచ్చాడు. పదో తరగతిలో లెక్కల్లో తప్పి చదువు ఆపేశాడట, వ్యాపారం చేసుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు. టీ అంగడిలో కూర్చోబెట్టి మహావీరాచార్యుని సంగతి చెప్పాను. వెయ్యేళ్ళ కిందటి మహానుభావుడు నువ్వన్నదే అన్నాడురా అన్నాను. శ్రద్ధగా విన్నాడు. "అంటే నేను చెప్పింది తప్పేనా సార్?" అని అడిగాడు. తప్పే గాని గొప్పవాళ్ళు చేసిన తప్పు అన్నాను. బెల్లం ఉండల లెక్కతోనే ప్రమాణం ఎందుకు నిలవదో వివరించాను. వెంటనే అర్థమైంది వాడికి. కాసేపు గ్లాసు వైపు చూసి, "ఈ మాట ఆ పొద్దు చెప్పింటే, బెంచీ ఎక్కినా బాగుండేది సార్" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. టీ డబ్బులు కూడా వాడే ఇచ్చాడు, నన్ను ఇవ్వనివ్వలేదు.

మిత్రులారా, మనకు పింఛను వస్తున్నది, తీరిక ఉన్నది. ఇంట్లో మనవళ్ళు, మనవరాళ్ళు ఉన్నారు. వాళ్ళు వింత ప్రశ్న అడిగితే, తెలిస్తే ఎందుకో చెబుదాం. తెలియకపోతే తెలియదని ఒప్పుకుని, కలిసి వెతుకుదాం. జవాబు తప్పయితే తప్పని చెబుదాం, ఎక్కడ తప్పిందో చూపిద్దాం. నవ్వడం మాత్రం వద్దు. వరసిద్ధి వినాయకుని సన్నిధిలో ఈ మాట ప్రమాణంగా చెబుతున్నాను. నా మనవరాలు ఇప్పుడు ఎనిమిదో తరగతిలోనే ఉంది.